గోడ లేని కుర్చీ

త్సాంగ్‌జౌలో పైపుల అతుకులు పరీక్షించడం నా ఉద్యోగం.
ఇనుము మీద జిగురు పూసి, యంత్రం ఆనించి,
పైకి కనపడని పగులుని
ప్రతిధ్వనిలో పట్టుకోవడం.
సాయంత్రం ఆరు దాటితే
నన్ను పట్టించుకునే చప్పుడేదీ ఉండదు.

మొదట వెళ్ళింది నాలుగో అంతస్తులో అద్దాల హాలుకి.
తెల్ల పట్టు బట్టలు, రసీదు, మూడు నెలల్లో ధ్రువపత్రం.
కత్తి ఉత్త రేకు. ఊపితే పళ్ళెంలా మోగింది.
రెండోచోట గురువుగారు ముందు నాతో ఫొటో దిగి
తర్వాత పేరడిగారు.
మూడోది పార్కు.
ఆకుపచ్చ స్వెటర్ల ముసలమ్మలు వేడినీళ్ళిచ్చి
పెళ్ళయిందా అని ఆరాతీసి
నా మోచేతులు నొక్కిచూసి జాలిపడి
"అసలుది కావాలంటే స్కూటర్ల హా దగ్గరికి పో" అన్నారు.

హా అంటే ఆశ్చర్యం కాదు, ఇంటిపేరు.
హా యూషెంగ్. తెల్లటోపీ, గోళ్ళనిండా గ్రీజు.
మసీదు వెనక సందులో కరెంటు స్కూటర్ల మరమ్మతు.
నేర్పుతారా అంటే
నా బండి బ్రేకు బాగుచేసి పన్నెండు యువాన్లు తీసుకున్నాడు.
మర్నాడడిగితే హారను. ఆ మర్నాడు అద్దం.
చూస్తుండగానే నా బండిలో
పాడవడానికి ఏమీ మిగల్లేదు.
పదకొండోరోజు నడిచి వెళ్ళాను.
పెరటి తలుపు తీశాడు.

పాత టైర్లు. ఒక్క రేగుచెట్టు.
"గుర్రం మీద కూర్చో."
గుర్రం లేదు.
కాళ్ళు ఎడంగా, తొడలు నేలకు సమంగా, వీపు నిటారుగా...
ఓహో, ఇదా!
పదమూడో ఎక్కం రానందుకు
ఐదో తరగతిలో నాతో వేయించిన గోడకుర్చీ.
అప్పుడు కనీసం గోడ ఉండేది.

తొంభై లెక్కపెట్టేసరికి తొడలు జెనరేటరులా అదిరాయి.
చక్రం బిగిస్తున్నవాడు తలెత్తకుండానే
"ఎడమ మోకాలి కింద అతుకు సరిగా లేదు" అన్నాడు.
నా ఉద్యోగమేమిటో
నేనాయనకి ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలమంతా కూర్చునే ఉన్నాను.
ఒక్క గుద్దు లేదు, ఒక్క తన్ను లేదు.
ముక్కుకొనన నీటిబొట్టు గడ్డకట్టేదాకా కూర్చోవడం.
క్యాబేజీల లారీ వస్తే దింపడానికి పిలిచాడు.
ఎనభై క్యాబేజీలు మోశాక రొప్పుతూ
ఇది కూడా పాఠమేనా అన్నాను.
"కాదు, క్యాబేజీలు."

ఒకసారి షెన్‌జెన్ నించి కూతురు వీడియోలో కనిపించింది.
జింగ్‌యాకి అక్కడ గోళ్ళరంగుల దుకాణం.
"ఇంకా జనాన్ని కూర్చోబెడుతున్నావా నాన్నా!" అని నవ్వింది.
ఆయన ఫోను నా వైపు తిప్పాడు.
ఆ అమ్మాయి నవ్వడం ఆపి, నా పాదాలు చూసి,
"వేళ్ళు లోపలికి తిప్పు" అంది.

మిగతా చెట్లన్నీ చిగిర్చాక
తీరిగ్గా చిగిర్చింది రేగు.
ఆ సాయంత్రం అన్నాడు: "భుజం ఆను. కొట్టకు. ఆను."
మానుమీద బెరడు నునుపెక్కిన చోట్లు రెండున్నాయి.
ఒకటి నా తలకంటే ఎత్తున,
వాళ్ళ నాన్నదీ ఆయనదీ.
ఇంకోటి బాగా కింద. ఎవరిదని అడగలేదు.
కూర్చున్నచోటునించి ఒక్క అడుగు.
నా భుజం వెళ్ళి తిన్నగా
ఆ రెండోదాన్లో కుదురుకుంది.

చెట్టు కదల్లేదు. నా పళ్ళు కదిలాయి.
వెనక పానా చప్పుడు ఆగింది.
చాలాసేపు ఆగింది.
తర్వాత "కుడివైపు కూడా" అని
ఎవరిదో హారను విప్పుతూ కూర్చున్నాడు.

రాత్రి గదిలో చూసుకుంటే
భుజం మీద ఎర్రగా బెరడు అచ్చు.
జిగురు పూసి, యంత్రం ఆనించి వినాలనిపించింది,
లోపల ఎక్కడ పగిలిందో,
ఎక్కడ అతుక్కుందో.

రేపు బండి తీసుకెళ్ళాలి.
ఈసారి బ్రేకు నిజంగానే పోయింది.
పన్నెండు యువాన్లు.
తగ్గించడు.